విమానం దిగాక ఆమె ఎవరి మనిషి?

తుమ్మలపల్లె యురేనియం గని గురించి రాసినప్పుడల్లా మనం నీళ్ళ గురించి, పాడైన పొలాల గురించి రాశాం. రాయాల్సిందే. కానీ ఆ గని గేటు దగ్గర ఇంకో ప్రశ్న కూడా నిలబడి ఉంది. 1952 గనుల చట్టం స్త్రీని భూగర్భంలోకి దిగనివ్వలేదు. నేల పైన కూడా రాత్రి 7 నించి ఉదయం 6 దాకా పనిలో పెట్టుకోవద్దంది. 2019లో కేంద్రం సడలించింది. సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజర్ ఉద్యోగాల్లో ఉన్న స్త్రీలు పగలు కిందికి దిగొచ్చంది, నేల పైన స్త్రీలు రాత్రి షిఫ్టు కూడా చెయ్యొచ్చంది. ఆమె రాతపూర్వకంగా ఒప్పుకోవాలంది, షిఫ్టులో కనీసం ముగ్గురు స్త్రీలుండాలంది. బాగానే ఉంది. షిఫ్టు దిగాక ఆ ముగ్గురివీ మూడు ఊళ్ళయితే?

గనుల్లో ఇప్పుడిప్పుడే మొదలైన ఈ ప్రశ్నని విమానాల్లో పనిచేసే స్త్రీలు దశాబ్దాలుగా మోస్తున్నారు. రాత్రి పని వాళ్ళకి కొత్త కాదు. ఫ్యాక్టరీ కార్మికురాలిని 'రక్షణ' పేరుతో రాత్రిపూట ఇంటికి పంపిన రోజుల్లో కూడా ఎయిర్‌హోస్టెస్‌ని ఎవరూ ఇంటికి పంపలేదు. ఆమె రాత్రి పని వాళ్ళకి అవసరం. చట్టానికి ఆమె గురించి వేరే దిగుళ్ళున్నాయి. 35 ఏళ్ళు నిండినా, చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకున్నా, మొదటిసారి గర్భం వచ్చినా ఎయిర్ ఇండియాలో ఉద్యోగం పోయేది. 1981లో నర్గేష్ మీర్జా కేసులో సుప్రీంకోర్టు గర్భం నిబంధనని కొట్టేసింది, పెళ్ళి నిబంధనని సమర్థించింది. ఆమె వయసు మీదా, పెళ్ళి మీదా, గర్భం మీదా అంత వాదన నడిచింది. అర్ధరాత్రి విమానం దిగిన మనిషి ఇల్లెలా చేరుతుందన్నది మాత్రం ఎవరికీ వాదనగా తోచలేదు.

ఒక్కసారి ఊహించండి. రాత్రి ఒంటిగంటన్నరకి శంషాబాద్‌లో విమానం దిగింది. చక్రాలకి అడ్డుచెక్కలు పెట్టి ఇంజన్లు ఆపేస్తే ఫ్లైట్ డ్యూటీ లెక్క ఆగిపోతుంది. ప్రయాణికులు దిగుతారు. వాళ్ళ తర్వాత పెట్టె లాక్కుంటూ ఆమె బయటికొస్తుంది. యూనిఫాం, లిప్‌స్టిక్, ముడి, అన్నీ కంపెనీ చెప్పినట్టే. లోపల అది కంపెనీకి ప్రకటన. గేటు దాటాక అదే వేషం ఆమె మీద నేరారోపణ: ఈ వేళప్పుడు ఈ అలంకారమేమిటని. విమానంలో నాలుగడుగులు వేసే దూరానికి కూడా నిబంధనలున్నాయి, ఇంటిదాకా ఉన్న ముప్ఫై కిలోమీటర్లకి లేవు.

కంపెనీ కారు పంపిస్తుంది కదా అంటారు. కొన్ని పంపిస్తాయి. ఇక్కడే చట్టంలో ఉన్న తిరకాసు చూడండి. పని ప్రదేశంలో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం, యజమాని ఏర్పాటు చేసిన వాహనాన్ని కూడా పని ప్రదేశమే అంది. మంచిదే. అంటే కారు పంపిన యజమానికి బాధ్యత ఉంటుంది. డబ్బులిచ్చి నువ్వే చూసుకోమన్న యజమాని ఆ నిర్వచనంలోంచి జారుకోగలడు. ఎంత తక్కువ చేస్తే అంత తక్కువ జవాబుదారీ! క్యాబిన్ సిబ్బంది సంగతే ఇలా ఉంటే, అదే విమానాన్ని అర్ధరాత్రి ఊడ్చి శుభ్రం చేసే కాంట్రాక్టు మనిషి మాట అడిగేదెవరు?

కారుతోనే అంతా అయిపోతుందనీ అనను. 2005లో బెంగుళూరులో, 2007లో పుణెలో కాల్ సెంటర్ ఉద్యోగినుల్ని డ్యూటీ కారు నడిపే వాళ్ళే చంపారు. బస చేసే హోటలు గది కూడా అంతే. 2024 ఆగస్టులో లండన్‌లో ఎయిర్ ఇండియా సిబ్బందిలో ఒకామె గదిలోకి చొరబడి దాడి చేశారు. అందుకే కారు, డ్రైవరు, దారి, గది, చివర దిగే మనిషి ఎవరన్నది, ఇవన్నీ ఉద్యోగ షరతుల్లో భాగం కావాలి. అది దయాదాక్షిణ్యాల విషయం కాదు.

విమానాశ్రయం దగ్గర రోడ్డు సంగతి మనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. 2019 నవంబర్ 27న తొండుపల్లి టోల్‌ప్లాజా దగ్గర ఒక పశువైద్యురాలు బలైపోయింది. ఆమె విమానాల్లో పనిచేసే మనిషి కాదు, రాత్రి తొమ్మిదింటికి స్కూటర్ కోసం వచ్చిన ఉద్యోగిని. ఇంటివాళ్ళు పోలీసుల దగ్గరికి పరిగెడితే ఏ స్టేషన్ పరిధి అన్న చర్చ నడిచింది. చెల్లెలికి కాకుండా 100కి ఫోన్ చెయ్యాల్సిందని అప్పటి హోంమంత్రి అన్నాడు. డిసెంబర్ 6న నలుగురు నిందితుల్ని కాల్చేసి పోలీసులు పూలు చల్లించుకున్నారు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని 2022లో సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. ఆ పూలన్నీ వాడిపోయాయి, తెల్లవారుజామున ఇల్లు చేరాల్సిన వాళ్ళు మాత్రం ఇవాళ కూడా అదే రోడ్డెక్కుతున్నారు.

ఇంత భయముంటే రాత్రి డ్యూటీలెందుకమ్మా అనే పెద్దమనుషులు ఎప్పుడూ ఉంటారు. ఫ్యాక్టరీల్లో స్త్రీల రాత్రి పని మీద ఉన్న నిషేధాన్ని 2000లో మద్రాసు హైకోర్టు, 2002లో మన హైకోర్టు కొట్టేశాయి. మళ్ళీ వెనక్కి వెళ్ళే ప్రసక్తి లేదు. 2025 జులైలో సుప్రీంకోర్టు ఇంకో తలుపు తెరిచింది. చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ ఒకాయన డ్యూటీకి వెళ్తూ దారిలో చనిపోతే, ఉద్యోగంతో సంబంధం రుజువైనప్పుడు దారిలో ప్రమాదం కూడా ఉద్యోగంలో జరిగినట్టేనంది. నష్టపరిహారానికి ఆ దారి ఉద్యోగమైనప్పుడు, బతికుండగా రక్షణకి ఎందుకు కాదు? చనిపోయాకే లెక్కలోకొస్తుందా?

స్త్రీల రాత్రి షిఫ్టుకి అనుమతులు పెంచుతున్న ఈ రోజుల్లో మన సంఘాలు అడగాల్సింది ఒకటుంది: గుమ్మం చేరేదాకా గంటలు లెక్కకట్టమని. మన తప్పూ ఉంది. ఇన్నేళ్ళ సర్వేల్లో 'డ్యూటీ ఎన్నింటికి అయిపోతుంది' అనే నేనూ అడిగాను, ఇంటికి ఎన్నింటికి చేరతావని ఒక్క గడి కూడా పెట్టలేదు. వచ్చే ప్రశ్నాపత్రంలో ఆ గడి పెడుతున్నాను. పక్కనే ఇంకోటి: ఎవరితో, దేనిలో?