కంటోన్మెంట్‌కు ఓటు ఎప్పుడు?

తెలంగాణ బీజేపీ అధ్యక్షుడిగా ఎన్.రామచందర్‌రావు 2025 జూలై 5న బాధ్యతలు చేపట్టారు. విద్యార్థి పరిషత్ రోజుల నుంచి జెండా మోసిన నాయకుడు, సీనియర్ న్యాయవాది, మాజీ ఎమ్మెల్సీ. సికింద్రాబాద్ ఎంపీ కిషన్‌రెడ్డి చేతుల మీదుగా పగ్గాలు అందుకున్న ఆయనకు అభినందనలు. అయితే ఈ ఎన్నికలో ఓటింగ్ జరగలేదు. బరిలో నిలిచింది ఒక్కరే. తనను నామినేషన్ వేయనివ్వలేదని ఆరోపిస్తూ గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్ జూన్ 30న పార్టీకి రాజీనామా ఇచ్చారు. పోటీ జరిగి ఉంటే రామచందర్‌రావే గెలిచేవారేమో. అప్పుడు ఆయన మాటకు మరింత బరువు వచ్చేది.

ఫ్రాన్స్‌లో సంప్రదాయవాదుల పార్టీ రిపబ్లికన్లు 2025 మే నెలలో తమ నాయకుడిని ఎన్నుకున్న తీరు చూడండి. డిగాల్ వారసత్వం చెప్పుకునే ఆ పార్టీ అభ్యర్థికి 2022 అధ్యక్ష ఎన్నికలో 5 శాతం ఓట్లు కూడా రాలేదు. 2024లో పార్టీ అధ్యక్షుడు ఎరిక్ సియోటీ ఎవరినీ అడగకుండా తీవ్ర మితవాద లెపెన్ పార్టీతో పొత్తు ప్రకటించి, సహచరులు తిరగబడితే పార్టీ కార్యాలయానికే తాళం వేయించాడు. అంతగా చీలిన పార్టీ చివరకు కార్యకర్తల దగ్గరికే వెళ్లింది. అప్పటి అంతర్గత వ్యవహారాల మంత్రి బ్రూనో రెతాయో, లోరాన్ వోకియే ఎదురెదురుగా నిలబడ్డారు. సుమారు 74 శాతం ఓట్లతో రెతాయో గెలిచారు. ఆయన రాజకీయాలతో ఏకీభవించాల్సిన పని లేదు. కానీ ఆయనను అడిగే హక్కు తమకుందని అక్కడి సామాన్య కార్యకర్తకు తెలుసు.

పార్టీ ఇంటి వ్యవహారమే అయితే ఇంతటితో వదిలేయవచ్చు. కానీ బీజేపీ ఏలుబడిలోని కేంద్ర ప్రభుత్వం సికింద్రాబాద్ కంటోన్మెంట్ ప్రజలను ఏళ్ల తరబడి ఓటుకు దూరంగా ఉంచింది. బోయిన్‌పల్లి, కార్ఖానా, తిరుమలగిరి, బొల్లారం, రసూల్‌పురా. 2011 లెక్కల ప్రకారమే ఇక్కడ రెండు లక్షలకు పైగా జనం. ఎనిమిది వార్డులకు చివరిసారి పోలింగ్ జరిగింది 2015 జనవరిలో. గడువు ముగిసిన పాలకవర్గాన్ని పొడిగించారు, మళ్లీ పొడిగించారు. 2021 ఫిబ్రవరి నుంచి బోర్డు అంటే ముగ్గురే: అధ్యక్షుడి హోదాలో సైనికాధికారి, సీఈవో, కేంద్రం నామినేట్ చేసిన ఒక పౌరుడు. 2023 ఫిబ్రవరిలో దేశంలోని 57 కంటోన్మెంట్లకు ఏప్రిల్ 30న ఎన్నికలని రక్షణ శాఖ ప్రకటించింది. అభ్యర్థులు గడప గడపా తిరుగుతుండగానే మార్చిలో ఆ నోటిఫికేషన్‌ను వెనక్కి తీసుకుంది. అది ప్రజలకు చేసిన అన్యాయం.

వార్డు సభ్యుడు లేకపోతే ఏమవుతుందో వానాకాలంలో పికెట్ నాలా పక్క బస్తీలకు వెళ్తే తెలుస్తుంది. నాలా పొంగి మురుగు గడప దాటితే, ఒకప్పుడు ఆ ఇంటి ఇల్లాలు వార్డు సభ్యుడి తలుపు తట్టేది, గట్టిగా నిలదీసేది. ఇప్పుడు అర్జీ రాసుకుని బోర్డు ఆఫీసుకు వెళ్లాలి. అక్కడ వినే అధికారి మంచివారే కావచ్చు. కానీ బదిలీ మీద వచ్చి బదిలీ మీద పోయే మనిషిని ఆమె వచ్చే ఎన్నికల్లో ఓడించలేదు. పాత ఇంటి మీద ఇంకో అంతస్తు వేసుకోవాలన్నా, కంటోన్మెంట్ చట్టం కింద అనుమతి ఇచ్చేది ఆమె ఎన్నుకోని బోర్డే. పన్ను మాత్రం ఏటా కట్టాల్సిందే.

పౌర ప్రాంతాలను జీహెచ్‌ఎంసీలో కలపబోతున్నాం, ఇక ఎన్నికలెందుకని ఢిల్లీ వాదన. విలీనానికి మేము వ్యతిరేకం కాదు. బస్తీల్లో చాలామంది కోరుకుంటున్నదీ అదే, రాష్ట్ర ప్రభుత్వమూ ఒప్పుకుంది. హిమాచల్‌లోని ఖాస్‌యోల్‌ను 2023లోనే కంటోన్మెంట్ జాబితా నుంచి తప్పించారు. మరి ఇక్కడ భూములెవరివి, ఆస్తులెవరికి, సిబ్బంది ఎటు అన్న చర్చ ఎంతకాలం? విలీనం జరిగే రోజు వరకూ ప్రజలకు ప్రతినిధి ఉండాలి. ఆర్నెల్లు ఉన్నా సరే, ఆ చర్చల బల్ల దగ్గర వారి తరఫున మాట్లాడేందుకైనా ఎన్నికైన మనిషి కావాలి.

రక్షణ శాఖ నిర్ణయంలో రాష్ట్ర అధ్యక్షుడు చేయగలిగేదేముందని తప్పించుకోవడం కుదరదు. 2024 మార్చిలో ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట వైపు, డెయిరీఫాం రోడ్డు వైపు ఎలివేటెడ్ కారిడార్లకు రక్షణ భూములు ఇవ్వడానికి ఇదే కేంద్రం ఒప్పుకుంది. పట్టుబడితే పని జరుగుతుంది. రాష్ట్రం నుంచి బీజేపీకి ఎనిమిది మంది ఎంపీలు. కంటోన్మెంట్ మల్కాజిగిరి లోక్‌సభ స్థానంలో ఉంది, అక్కడి ఎంపీ ఈటల రాజేందర్. పొరుగునే ఉన్న మల్కాజిగిరి అసెంబ్లీ స్థానంలో ఓట్లడిగిన రామచందర్‌రావుకు ఈ బస్తీల బాధ ఒకరు చెప్పాల్సింది కాదు. 1991లో బండారు దత్తాత్రేయను గెలిపించినప్పటి నుంచి సికింద్రాబాద్ ఈ పార్టీని గెలుపులోనూ ఓటమిలోనూ మోసింది. బదులుగా ఓటు హక్కు అడగడం అత్యాశ కాదు.

కొత్త అధ్యక్షుడు తన ఎంపీలను వెంటబెట్టుకుని రక్షణ మంత్రి రాజ్‌నాథ్‌సింగ్ దగ్గరికి వెళ్లాలి. విలీనమైతే విలీనానికి, ఎన్నికలైతే ఎన్నికలకు, ఏదో ఒక తేదీ రాతపూర్వకంగా తీసుకుని తిరిగి రావాలి.