క్లౌడ్ మన పొలిమేరకు వచ్చింది, పగ్గాలు ఎవరి చేతిలో?

శంషాబాద్ విమానాశ్రయం చుట్టుపక్కల భూములకు కొత్త గిరాకీ వచ్చింది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరు 22న ప్రారంభించిన హైదరాబాద్ రీజియన్ (డేటా సెంటర్ల సముదాయం) కోసం ఎంచుకున్న చందన్‌వెల్లి, ఫ్యాబ్ సిటీ, ఫార్మా సిటీ మూడూ రంగారెడ్డి జిల్లాలోవే. 2030 నాటికి రూ.36,300 కోట్లు పెడతామని 2023 జనవరిలో ఆ సంస్థ చెప్పింది. 2025 జనవరిలో దావోస్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో రూ.60,000 కోట్ల ఒప్పందం కుదుర్చుకుంది. పదిహేనేళ్లలో రూ.15,000 కోట్లతో డేటా సెంటర్లు కడతామని మైక్రోసాఫ్ట్ 2022 మార్చిలో ప్రకటించింది. దానికి ఎంచుకున్న చోట్లలో మేకగూడ ఒకటి. ఇవన్నీ శంషాబాద్ వ్యాపారికి ఇరుగుపొరుగే. అయినా నెట్ ఆగిన రోజున ఇక్కడి ట్రావెల్స్ ఆఫీసు, లాడ్జి కౌంటరు, కార్గో క్లియరింగ్ ఏజెంటు ఇంకా ఫోన్ హాట్‌స్పాట్ మీదే పని నెట్టుకొస్తున్నారు. సర్వర్ పక్క ఊళ్లో ఉన్నంత మాత్రాన చిన్న వ్యాపారి నిలదొక్కుకోడు. తన కనెక్షన్ మీద, తన ఖాతాల మీద, తన డేటా మీద తనకు పట్టు ఉండాలి. ఆ పట్టు డబ్బు పెట్టి కొనుక్కుంటే వచ్చేది కాదు, రోజువారీ నిర్వహణతోనే వస్తుంది.

2008 మార్చిలో విమానాశ్రయం తెరుచుకున్నప్పటి నుంచి శంషాబాద్ వ్యాపారం స్వరూపమే మారిపోయింది. బెంగళూరు జాతీయ రహదారి వెంట హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు, కార్ల ట్రావెల్స్, గోదాములు, కొరియర్ ఆఫీసులు వచ్చాయి. వీటిలో ఇంటర్నెట్ లేకుండా పూట గడిచేవి దాదాపు లేవు. సరుకు ఎగుమతి చేసేవారు షిప్పింగ్ బిల్లును కస్టమ్స్ వారి ఐస్‌గేట్ పోర్టల్‌లో దాఖలు చేయాలి. రూ.50 వేలు దాటిన సరుకు లారీ ఎక్కాలంటే సాధారణంగా ఈ-వే బిల్లు ఉండాల్సిందే. ఏడాది టర్నోవరు రూ.5 కోట్లు దాటిన సంస్థలు తోటి వ్యాపారులకు ఇచ్చే బిల్లులకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్ తీయాలి. విదేశీ అతిథి దిగితే 24 గంటల్లో హోటల్ యజమాని ఆ సమాచారాన్ని ఆన్‌లైన్‌లో అధికారులకు పంపాలి. ‘మాకు క్లౌడ్ ఎందుకండీ, టాలీ ఉన్న ఒక కంప్యూటర్ చాలు’ అనే యజమాని కూడా నిజానికి క్లౌడ్ మీదే బతుకుతున్నాడు. ఈమెయిల్, రూమ్ బుకింగులు, వాట్సాప్ ఆర్డర్లు, జీఎస్టీ పోర్టల్ అన్నీ ఎక్కడో ఉన్న సర్వర్ల మీద నడిచేవే. వాటిని ఎవరు చూసుకుంటున్నారన్నదే తేలాల్సిన విషయం.

అసలు చిక్కు ఆఖరి కిలోమీటరులో

డేటా సెంటర్ దగ్గరికొస్తే మన పని వేగం అవుతుందన్న ఆశలో నిజం కొంతే. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. ముంబయి సర్వర్‌కు వెళ్లి రావడానికి పట్టే సమయం సెకనులో వందో వంతు అటూఇటూ. బిల్లు కొట్టేవాడికి ఆ తేడా తెలియనే తెలియదు. పైగా అమెజాన్ హైదరాబాద్ రీజియన్ కొత్త ఖాతాలో దానంతటది తెరుచుకోదు, ఖాతాదారే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. ఊరి పక్కనే ఉన్న సదుపాయాన్ని వాడుకోవడానికి కూడా అడిగేవాడు, తెలిసినవాడు ఉండాలన్నమాట.

వ్యాపారిని నిజంగా ఇబ్బంది పెట్టేది స్తంభం నుంచి షాపు దాకా వచ్చే తీగ. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు తగిలి అయిదుగురు చనిపోయారు. ఆ తర్వాత కరెంటు స్తంభాలకు వేలాడుతున్న కేబుళ్లను విద్యుత్ సిబ్బంది పెద్దయెత్తున తొలగించారు. నగరంలో చాలాచోట్ల ఇంటర్నెట్ ఆగిపోయింది, వివాదం హైకోర్టుకు చేరింది. మనుషుల ప్రాణాలకన్నా ఏ కనెక్షనూ ఎక్కువ కాదు, ప్రమాదకరమైన తీగలు తీయాల్సిందే. కానీ నగర వ్యాపారమంతా అనుమతుల్లేకుండా అల్లుకున్న తీగల గుంపుపై ఆధారపడి ఉందని ఆ వారం బయటపడింది. రోడ్ల విస్తరణ, పైపులైన్ల తవ్వకాలు నిత్యం సాగే శంషాబాద్ వైపు జేసీబీ పంటి కింద ఫైబర్ తెగడం మామూలు సంగతి. తవ్వేముందు సమాచారం ఇవ్వాలని కేంద్రం 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ తెచ్చింది. తవ్వే కాంట్రాక్టరు దాన్ని తెరిచాడా అని అడిగే నాథుడు లేకపోతే యాప్ ఫోన్లోనే ఉంటుంది.

అందుకే రెండు కనెక్షన్లు పెట్టుకోమని అందరూ చెప్తారు. చాలామంది పెట్టుకుంటారు కూడా. అయితే రెండు కంపెనీల తీగలూ ఒకే స్తంభం మీదుగా వస్తే ఒక్క కోతకు రెండూ పోతాయి. ఒకటి ఫైబర్ అయితే రెండోది మొబైల్ సిమ్ మీద నడిచే రూటర్ కావాలి. ఒకటి పోగానే రెండోదానికి దానంతటదే మారేలా అమర్చుకోవాలి. రూటర్‌కు చిన్న యూపీఎస్ ఉండాలి. ఇవేమీ పెద్ద ఖర్చులు కావు. ఎవరో ఒకరు నెలకోసారి తీగ పీకి, మార్పు జరుగుతోందో లేదో చూడాలి. చాలా ఆఫీసుల్లో ఆ ‘ఎవరో ఒకరు’ ఎవరన్నది ఇంతవరకు తేలలేదు.

పేరు ఎవరిది, ఓటీపీ ఎవరికి?

చిన్న సంస్థలను క్లౌడ్‌లో ఎక్కువగా ముంచేది హ్యాకర్లని అనుకుంటాం. అంతకుముందే సొంత ఇంట్లో మొదలయ్యే ప్రమాదం ఇంకొకటి ఉంది. వెబ్‌సైట్ చేసిచ్చిన కుర్రాడు డొమైన్‌ను తన పేరు మీదే కొంటాడు. ఈమెయిల్ అడ్మిన్ ఖాతా పాత మేనేజరు సొంత జీమెయిల్‌తో ఉంటుంది. జీఎస్టీ పోర్టల్ ఓటీపీ అకౌంటెంటు ఫోనుకు వెళ్తుంది. హోటల్ బుకింగ్ పేజీ పాస్‌వర్డ్ రిసెప్షన్ కౌంటరు మీద కాగితంపై అంటించి ఉంటుంది. అందరూ మంచివాళ్లే కావచ్చు. కానీ ఒకరు ఉద్యోగం మారినా, సిమ్ మార్చినా, మాటపట్టింపు వచ్చినా వ్యాపారం తలుపు మూసుకుపోతుంది. డొమైన్ రెన్యువల్ మెయిల్ ఎవరూ చూడని ఇన్‌బాక్సులో పడి, గడువు దాటితే పదేళ్లుగా కస్టమర్లకు తెలిసిన చిరునామా వేరొకరి పాలవుతుంది. షాపు లైసెన్సు, కరెంటు మీటరు ఎవరి పేరున ఉన్నాయో తెలిసిన యజమానికి డొమైన్ ఎవరి పేరున ఉందో తెలియకపోవడం ఈ రోజుల్లో క్షమించరాని అజాగ్రత్త. ప్రతి ఖాతా, దాని యజమాని, రికవరీ ఫోన్ నంబరు, రెన్యువల్ తేదీ రాసిన ఒక రిజిస్టరు, అడ్మిన్ ఖాతాలన్నింటికీ రెండంచెల ధ్రువీకరణ ఉంటే సగం ప్రమాదం అక్కడే ఆగిపోతుంది.

రెండో అపోహ బ్యాకప్ గురించి. ‘డ్రైవ్‌లో ఉంది కదా, భయమేముంది’ అంటారు. డ్రైవ్‌లో సింక్ అవడం బ్యాకప్ కాదు. ఇక్కడ ఫైలు చెరిగితే అక్కడా చెరుగుతుంది. రాన్సమ్‌వేర్ ఇక్కడి ఫైళ్లకు తాళం వేస్తే తాళం పడిన ఫైళ్లే పైకి వెళ్తాయి. క్లౌడ్ కంపెనీలు భవనాన్ని, యంత్రాలను, కరెంటును చూసుకుంటాయి. ఖాతాలోకి ఎవరు వస్తున్నారు, డేటా ప్రతులు ఎన్ని ఉన్నాయి అన్నది వాడుకునేవారి బాధ్యతేనని ఒప్పందంలోనే రాస్తాయి. మూడు ప్రతులు, రెండు రకాల నిల్వలు, ఒకటి వేరే చోట అన్న పాత సూత్రం ఇప్పటికీ చెల్లుతుంది. బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చి చూడనంతవరకు అది ఉన్నట్టు కాదు. మూడు నెలలకోసారి పాత తేదీ బిల్లొకటి తెరిచి చూస్తే చాలు, నిజం తెలిసిపోతుంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలకు ఇది ఇష్టాయిష్టాల విషయం కూడా కాదు. లెక్కల పుస్తకాల బ్యాకప్‌ను రోజూ మన దేశంలోని సర్వర్‌లో ఉంచాలని 2022 ఆగస్టులో సవరించిన నిబంధన చెప్తోంది.

ఇక బిల్లు. వాడినంతే చెల్లింపు అన్నది క్లౌడ్ గొప్పతనమే. కానీ వాడకం ఆపకపోతే మీటరు తిరుగుతూనే ఉంటుంది. పరీక్ష కోసం పెట్టి మరచిపోయిన సర్వర్ నెలనెలా డబ్బు లాగేస్తుంది. పెద్ద కంపెనీల ధరల పట్టిక డాలర్లలో ఉంటుంది కాబట్టి రూపాయి తగ్గితే మన బిల్లు పెరుగుతుంది. డేటాను బయటకు తీసుకెళ్లడానికి విడిగా రుసుము ఉంటుంది. ఖర్చు ఇంత దాటితే కబురు పంపమని హెచ్చరిక పెట్టుకోవడం మొదటి రోజే చేయాల్సిన పని. హామీలనూ చదవాలి. అమెజాన్‌లో ఒక్క సర్వర్‌కు ఇచ్చే లభ్యత హామీ 99.5 శాతం. అంటే నెలకు మూడున్నర గంటలు ఆగినా మాట తప్పినట్టు కాదు. తప్పినా దక్కేది తర్వాతి బిల్లులో తగ్గింపే. ఆ గంటల్లో చేజారిన బేరానికి పరిహారం రాదు.

పెద్దలూ పడతారు

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక లోపభూయిష్ట అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. శంషాబాద్‌లో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ఇబ్బంది పడ్డా చాలా విమానాలు ఎగిరాయి, ఎందుకంటే కంప్యూటర్ లేకుండా పని ఎలా చేయాలో సిబ్బందికి తెలుసు. 2025 అక్టోబరు 20న, దీపావళి నాడు, అమెరికాలోని వర్జీనియాలో అమెజాన్ సర్వర్ల చిరునామా వ్యవస్థలో లోపం తలెత్తితే ప్రపంచమంతటా యాప్‌లు మొరాయించాయి. ఎంత పెద్ద సంస్థ సేవ తీసుకున్నా ఆగే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు లాడ్జిలో గది ఎలా ఇవ్వాలి, ట్రావెల్స్ డ్రైవరుకు డ్యూటీ ఎలా చెప్పాలి, తర్వాత ఆ వివరాలను కంప్యూటర్‌లో ఎవరు ఎక్కించాలి అన్నది ముందే రాసి గోడకు పెట్టుకోవాలి.

నష్టం యజమానిదే అయితే అది అతని సొంత వ్యవహారం అనుకోవచ్చు. కానీ విమానాశ్రయ ప్రాంత వ్యాపారాల దగ్గర ఉండేది ఇతరుల బతుకు వివరాలు. ఆధార్ ప్రతులు, పాస్‌పోర్ట్ ఫొటోలు, ఫోన్ నంబర్లు, ప్రయాణ తేదీలు రిసెప్షనిస్టు వాట్సాప్‌లో పేరుకుపోతున్నాయి. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. తగిన భద్రత పాటించకపోతే జరిమానా రూ.250 కోట్ల దాకా వేయవచ్చు. సైబర్ దాడి జరిగిందని తెలిసిన ఆరు గంటల్లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలన్న ఆదేశం 2022 ఏప్రిల్ నుంచే ఉంది. నలుగురు పనిచేసే ఆఫీసులో ఆరు గంటల్లో ఎవరికి ఏం రాయాలో తెలిసినవారు ఎందరు?

ఇదంతా చిన్న యజమాని ఒక్కడే చేయాలనడం న్యాయం కాదు. ఒక్కో షాపు ఒక్కో ఐటీ ఉద్యోగిని పెట్టుకోలేదు. అలాగే ఏ షాపూ సొంతంగా చార్టర్డ్ అకౌంటెంటును జీతానికి పెట్టుకోదు, ఒకే ఆడిటరు వద్దకు యాభై మంది వెళ్తారు. క్లౌడ్ నిర్వహణకూ అదే పద్ధతి రావాలి. కార్గో ఏజెంట్ల సంఘం, హోటల్ యజమానుల సంఘం, ట్రావెల్స్ సంఘం పాతిక ముప్పై సంస్థలకు కలిపి ఒక నిర్వాహకుణ్ని నియమించుకోవచ్చు. ఖాతాల రిజిస్టరు, బ్యాకప్ పరీక్ష, బిల్లు తనిఖీ, ఆపద రోజున ఫోనెత్తడం అతని పనులు. ఖాతాల యాజమాన్యం మాత్రం ఎప్పుడూ వ్యాపారి పేరునే ఉండాలి.

ప్రభుత్వం చేయాల్సింది ఇంకా ఎక్కువ. తెలంగాణ 2016లోనే డేటా సెంటర్ల విధానం తెచ్చి రాయితీలు ప్రకటించింది. ఆ డేటా సెంటర్లకు భూమి, కరెంటు, నీరు ఈ జిల్లా ఇస్తోంది. ఆ ఒప్పందాల్లో స్థానిక చిన్న సంస్థలకు మొదటి రెండేళ్లు ఉచిత క్లౌడ్ క్రెడిట్లు, రంగారెడ్డి జిల్లా ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులకు తెలుగులో నిర్వహణ శిక్షణ అనే షరతులు చేర్చాలి. డేటా సెంటర్ కట్టడం అయిపోయాక అందులో ఉద్యోగాలు తక్కువే మిగులుతాయి. దాని చుట్టూ ఉన్న వేల వ్యాపారాలకు సేవ చేసే పని మాత్రం మన పిల్లలకు ఏళ్ల తరబడి దొరుకుతుంది. కొత్త రోడ్డు వేసే ప్రతిచోటా ఉమ్మడి కేబుల్ గొట్టాన్ని ఆ రోడ్డు అంచనాల్లోనే చేర్చాలి. తీగలు నేల కింద క్రమంగా నడిస్తే ప్రాణాలూ నిలుస్తాయి, నెట్టూ నిలుస్తుంది.

వేల కోట్ల పెట్టుబడుల ప్రకటనలు వినడానికి బాగుంటాయి. ఇవ్వాల్సింది ఇచ్చాం కాబట్టి రావాల్సింది అడిగే హక్కు ఈ ప్రాంతానికి ఉంది. మేకగూడ దారిలోని పది గదుల లాడ్జి తన లెక్కలను నెట్ పోయిన మర్నాడు కూడా చూపగలదా, తన అతిథుల పాస్‌పోర్ట్ ప్రతులకు పూచీ పడగలదా అన్నదే ఈ పెట్టుబడుల ఫలితానికి గీటురాయి. అడగడం సంఘాల వంతు, షరతు పెట్టడం ప్రభుత్వం వంతు, తన ఖాతాల రిజిస్టరు రాసుకోవడం యజమాని వంతు. మొదటి రెండూ జరిగేదాకా మూడోదాన్ని ఆపాల్సిన అవసరం ఎవరికీ లేదు.