చావింట బేరమేమిటి?

పెళ్లికి ఎంతవుతుందని ఎవరినైనా అడగండి. హాలు అద్దె దగ్గర్నుంచి విస్తరాకు ధర దాకా వేళ్ల మీద లెక్క చెప్పేస్తారు. మరి మనిషి పోతే ఎంతవుతుంది? ఆ మాట ఎత్తితే చాలు, ‘సంధ్యవేళ అవేం మాటలే’ అని కసురుతారు. కిందటేడు దాకా నేనూ అలా కసిరేదాన్నే.

మా పిన్ని వాళ్లు కూకట్‌పల్లిలో అద్దెకుంటారు. కిందటేడు శ్రావణంలో బాబాయికి గుండెనొప్పి వచ్చింది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి, రాత్రి పదకొండింటికి పోయారు. ఇంటికి తీసుకురావద్దని ఇంటివాళ్లు ఫోన్‌లోనే చెప్పేశారు. వాళ్లను తిట్టడం తేలికే. ఇంట్లో పిల్ల పెళ్లి పెట్టుకున్నారు, వాళ్ల భయం వాళ్లది. కానీ తొమ్మిదేళ్లు నెల తప్పకుండా అద్దె కట్టిన గుమ్మంలోకి బాబాయి ఆఖరిసారి రాలేకపోయారు. మార్చురీ నుంచి నేరుగా శ్మశానానికే. పిన్ని ఆయన్ని చివరిసారి చూసుకున్నది వ్యాన్‌లో పెట్టిన ఫ్రీజర్ పెట్టె అద్దంలోంచి.

ఆ రాత్రే, ఎవరు కబురు చేశారో తెలీదు, ఒకతను వచ్చి మా తమ్ముడి చేతిలో కార్డు పెట్టాడు. ‘అన్నీ మేమే చూసుకుంటాం సార్, ప్యాకేజీ ఉంది’ అన్నాడు. ఇరవై రెండేళ్ల కుర్రాడు, తండ్రి పోయి గంట కాలేదు. తలూపాడు. 35 వేలన్నది తెల్లారేసరికి పెరగడం మొదలైంది. కట్టెలు వేరు, నెయ్యి వేరు, పంతులుగారి సామగ్రి వేరు, వ్యాన్ ఆగినందుకు వేరు, శ్మశానంలో మామూళ్లు వేరు. మొత్తం 62 వేలు. తమ్ముడు ‘ఇదేమిటండీ’ అనబోతే ఓ పెద్దాయన, ‘చావింట బేరమేమిట్రా, నలుగురూ నవ్వుతారు’ అని నోరు మూయించాడు. ఆ డబ్బు పిన్ని గాజులు కుదువ పెట్టి తెచ్చిందని పిన్నికి తెలిసింది పన్నెండో రోజున. ‘నన్నొక్క మాట అడిగితే ఏం పోయేదే?’ అని నా దగ్గర ఏడ్చింది.

మా అమ్మమ్మగారి ఊళ్లో ఇది వ్యాపారం కాదు. పాడె కట్టేవాళ్లు వీధిలోవాళ్లే. మంగలి, చాకలి, డప్పు కొట్టేవాళ్లు, కాటికాపరి, ఎవరి పని వాళ్లు చేసేవాళ్లు. ఆ రోజులు బంగారమని నేననను. అంత పని చేసినవాళ్లకు దక్కింది చాటెడు ధాన్యం, ఊరవతల ఇల్లు. వాళ్ల పిల్లలు చదువుకుని ఆ పని మానేస్తే తప్పేముంది? ఇటు మనం అపార్ట్‌మెంట్లకు చేరాం. లిఫ్ట్‌లో పాడె పట్టదు. పిల్లలు అమెరికా నుంచి దిగేదాకా మనిషిని ఉంచాలంటే ఫ్రీజర్ పెట్టె కావాలి. అడిగినవాళ్లకు డబ్బు తీసుకుని ఆ పని చేసిపెట్టేవాళ్లు పుట్టుకురావడం సహజమే.

2022 నవంబరులో ఢిల్లీ ట్రేడ్ ఫెయిర్‌లో ముంబైకి చెందిన ఒక అంత్యక్రియల సంస్థ పాడెతో సహా స్టాల్ పెడితే, ఆ ఫొటో చూసి దేశమంతా నోరు వెళ్లబెట్టింది. బతికుండగానే 37,500 రూపాయలు కట్టి పేరు రాయించుకుంటే చివర్లో అన్నీ వాళ్లే చూస్తారట. పిల్లలు దగ్గర లేని ముసలి దంపతులకు అది నవ్వులాట కాదు. అదే నెలలో సినీనటుడు కృష్ణగారి అంత్యక్రియలు జూబ్లీహిల్స్ మహాప్రస్థానంలో జరుగుతుంటే టీవీలో చూసి, శ్మశానం ఇంత శుభ్రంగా ఉంటుందా అనుకున్నవాళ్లు మనలో చాలామంది.

ఈ వ్యాపారం చేసేవాళ్లంతా దొంగలని నా ఉద్దేశం కాదు. మా ఊళ్లో ఫ్రీజర్ పెట్టెలు అద్దెకిచ్చే ఒకాయన్ని అడిగితే తన గోడు చెప్పుకొచ్చాడు. పది రోజులు పెట్టె ఖాళీగా పడుంటుంది, ఒక్కరోజే మూడిళ్ల నుంచి ఫోన్లొస్తాయి. వ్యాన్ ఇంటిముందు పెడితే వీధివాళ్లు గొడవకొస్తారు. పనికి కుర్రాళ్లు నిలవరు. నిలిచినవాడికి పిల్లనివ్వరు. ‘మళ్లీ రండి అనడానికి లేని వ్యాపారమమ్మా’ అని నవ్వాడు.

కానీ రేటు ఎక్కడా రాసి ఉండనప్పుడు, ఏడుస్తున్న మనిషి ఎదురుగా నిలబడినప్పుడు, ఆశకు అడ్డేముంటుంది? 2022 ఏప్రిల్‌లో తిరుపతి రుయా ఆసుపత్రి దగ్గర ఏం జరిగిందో గుర్తుంది కదా. అక్కడి ప్రైవేటు అంబులెన్సుల వాళ్లు అడిగినంత ఇచ్చుకోలేక, బయటి బండిని వాళ్లు రానివ్వక, ఓ తండ్రి కొడుకు శవాన్ని భుజాన వేసుకుని దాదాపు 90 కిలోమీటర్లు బైకు మీద తీసుకెళ్లాడు. ప్రభుత్వాసుపత్రుల్లో పోయినవాళ్లను ఉచితంగా ఇంటికి చేర్చే బండ్లు ఆంధ్రలోనూ తెలంగాణలోనూ పెట్టారు. ఆ అర్ధరాత్రి ఆ సంగతి చెప్పేవాళ్లు పక్కన ఉండాలి కదా!

2017లో వచ్చిన జీఎస్టీ చట్టం అంత్యక్రియల సేవలను పన్ను పరిధిలోంచే తప్పించింది. మంచిదే. కానీ దాంతోపాటు బిల్లు ఇమ్మని అడిగే అలవాటూ లేకుండా పోయింది. న్యూజెర్సీలో ఉండే మా పెద్దమ్మ కొడుకు చెప్పాడు, అక్కడ ఫ్యునరల్ హోమ్‌లో అడుగుపెట్టి ఏర్పాట్ల మాటెత్తగానే ముందు ధరల కాగితం చేతికిస్తారట. అది వాళ్ల మర్యాద కాదు, 1984 నుంచీ అమల్లో ఉన్న రూలు. ఫోన్ చేసి అడిగినా ధర చెప్పి తీరాలి. అక్కడా చావు ఖరీదైనదే, అంతకు పదింతలు ఖరీదు. కాకపోతే ఏది వద్దనాలో తెలుస్తుంది.

కూతుళ్లు కొరివి పెట్టడం గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. 2021 డిసెంబరులో జనరల్ బిపిన్ రావత్ దంపతులకు వాళ్లమ్మాయిలిద్దరే అంత్యక్రియలు చేస్తుంటే కళ్లు తుడుచుకున్నాం. చెన్నైలో ప్రవీణా సాలమన్ బెదిరింపులకు జడవకుండా ఏకంగా ఒక శ్మశానవాటిక నిర్వహణే చూశారు. మరి మనిళ్లలో? ఆడవాళ్లను ఓ మూల కూర్చోబెట్టి, చుట్టూ చేరి ఓదార్చి, లెక్కలు మాత్రం వరండాలో మగవాళ్లు తేలుస్తారు. ఆ అప్పు తర్వాత తీర్చేది మాత్రం మూల కూర్చున్న మనిషే.

సంవత్సరీకం అయ్యాక మొన్న పిన్ని నాతో, ‘నా సంగతి ముందే కనుక్కుని పెట్టవే’ అంది. వద్దని వారించాను. వినలేదు. చివరికి ఇద్దరం కూర్చుని వాళ్ల పేటలో ఈ పని చేసే ఒకతనికి ఫోన్ చేశాం.

‘ఎవరు పోయారమ్మా?’ అన్నాడు.

‘ఎవరూ పోలేదు బాబూ, రేటు కనుక్కుందామని’ అన్నాను.

కాసేపు మాట లేదు. తర్వాత ఒక్కొక్కటీ చెప్పాడు. పెట్టె రోజుకింత, బండి ఇంత, కట్టెలైతే ఇంత, కరెంటు మీదైతే అందులో సగం కూడా కాదు. మునిసిపాలిటీలో 21 రోజుల్లోగా నమోదు చేయించుకోండి, ఆ సర్టిఫికెట్ తెచ్చిస్తామని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి అని కూడా చెప్పాడు. బాబాయికి అయినదాంట్లో సగానికి తేలింది. ‘పదేళ్లబట్టి ఈ పనిలో ఉన్నా, ఇలా ముందుగా అడిగినవాళ్లు లేరమ్మా’ అన్నాడు.

పిన్ని అదంతా కాగితం మీద రాయించి, కింద ‘కరెంటు మీద చాలు, గాజుల జోలికి పోవద్దు’ అని తన చేత్తో రాసి, బీరువాలో ఇన్సూరెన్సు కాగితాల పక్కన పెట్టింది. తమ్ముడికి చూపిస్తే వాడు చదవకుండా లేచి వెళ్లిపోయాడు.