చేతి కొలత ముందు, లేఅవుట్ తరువాత



చెన్నైలో, బెంగళూరులో ఉద్యోగాలు చేసే మన బిడ్డలు కొందరు టెన్‌పిన్ బౌలింగ్ ఆడుతున్నారు. సంతోషం. చెన్నై ఆటగాడు షబ్బీర్ ధన్‌కోట్ జాతీయ చాంపియన్‌గా పలుమార్లు నిలిచారు. ఇది మనకు అందని ఆటేమీ కాదు. అయితే సొంత బంతి కొనగానే వాళ్ళు అడిగే మొదటి మాట, "ఏ లేఅవుట్‌లో బొక్కలు వేయిస్తే బంతి ఎక్కువ తిరుగుతుంది?" అని. ముందు అడగాల్సింది అది కాదని నా అభిప్రాయం.

బంతిని తిప్పేది చెయ్యి. బొటనవేలు ముందు బయటికి రావాలి, వెంటనే తక్కిన రెండు వేళ్ళు బంతిని తిప్పి వదలాలి. తిరుగుడంతా అక్కడే పుడుతుంది. లేఅవుట్ పని వేరే. లోపలి బరువు దిమ్మె ఏ పక్కకు ఉండాలో అది చెబుతుంది. దాన్నిబట్టి బంతి ఎప్పుడు, ఎంత వంపు తిరుగుతుందో మారుతుంది. నిమిషానికి ఎన్ని చుట్లు అనేది మాత్రం దానివల్ల పెద్దగా మారదు. తాడు చుట్టి విసరడం రానివాడికి ఎంత మంచి బొంగరం ఇచ్చి ఏం లాభం?

చుట్లను అదుపులో పెట్టేది పట్టు. వేళ్ళు రెండో కణుపు దాకా దిగితే బంతి భద్రంగా ఉంటుంది, తిరుగుడు తక్కువ. మొదటి కణుపు దాకే దిగితే తిరుగుడు ఎక్కువ. బొటనవేలి బొక్క వదులైతే మనిషి బంతిని పిసికి పట్టుకుంటాడు, వేలు ఆలస్యంగా వస్తుంది, తిరుగుడు పోతుంది, వేలు వాస్తుంది. బంతి 16 పౌండ్ల దాకా, అంటే ఏడు కిలోలకు పైగా ఉండొచ్చు. ఆ బరువు తప్పు కొలత మీద పడితే మణికట్టు ఏం కావాలి? ఒకరి కొలతకు ఇంకొకరికి రవిక కుట్టిస్తామా?

ఇంకో సంగతి. ఆస్ట్రేలియా ఆటగాడు జేసన్ బెల్మాంటేను చూసి రెండు చేతులతో, బొటనవేలు పెట్టకుండా వేసే బిడ్డలున్నారు. అమెరికా బౌలింగ్ సమాఖ్య 2020 ఆగస్టు 1 నుంచి పట్టుకు వాడని బొక్క బంతిలో ఉండకూడదన్నది. బొటనవేలు వాడనివాడు ఆ బొక్క వేయించుకోనే కూడదు.

కాబట్టి మన సంఘం ఎవరికైనా సాయం చేస్తే, రెండో బంతికి దుడ్డు ఇవ్వొద్దు. చెయ్యి చూసి, కొలత తీసి, ఆర్నెల్లకు మళ్ళీ సరిచేసే మంచి పనివాడి కూలికి ఇద్దాం. మీ అభిప్రాయం కూడా రాయండి.