వృత్తం గీస్తే జనం లెక్క తేలదు

మ్యాపు తెరిచి, ఆసుపత్రి ఉన్నచోట చుక్క పెట్టి, చుట్టూ అయిదు కిలోమీటర్ల బఫర్ గీసి, దానికి తగిలిన ఊళ్ల జనాభా కూడేస్తే చాలు, ఎంతమందికి వైద్యం అందుబాటులో ఉందో తేలిపోతుందట! ప్రాజెక్టు నివేదికల్లో, పట్టణ ప్రణాళికల్లో, పరిశోధన పత్రాల్లో ఈ నమ్మకం పాతుకుపోయింది. సంఖ్య ఒకట్ల స్థానం దాకా వస్తుంది కాబట్టి ఎవరూ నిలదీయరు. నిలదీయాల్సిందే.

ఒక రెవెన్యూ గ్రామాన్ని తీసుకోండి. విస్తీర్ణం 12 చదరపు కిలోమీటర్లు, జనం 6,000 అనుకుందాం. ఆ జనమంతా ఉండేది అర చదరపు కిలోమీటరైనా లేని గ్రామకంఠంలో. మిగిలినదంతా పొలాలు, చెరువు, పోరంబోకు. మీ బఫర్ ఆ గ్రామం అంచున 3 చదరపు కిలోమీటర్ల వరిచేలను మాత్రమే కోసింది. తగిలిన ఊరినల్లా కూడితే 6,000 మంది లోపలికొచ్చారు. విస్తీర్ణం నిష్పత్తిలో పంచితే 1,500 మంది. గ్రామం మధ్యబిందువు లోపల ఉందా అని చూస్తే సున్నా. ఒకే గీత, ఒకే ఊరు, మూడు జవాబులు! ఇందులో ఏది నిజమో సాఫ్ట్‌వేర్ చెప్పిందా? చేలల్లో ఇళ్లు లేవు గనుక ఇక్కడ సున్నాయే నిజం. అలాగని మధ్యబిందువును నమ్ముకోకండి. మన్యంలో ఒక్క రెవెన్యూ గ్రామం పేరు కింద కొండకొకటిగా గూడేలుంటాయి. మధ్యబిందువు పోయి అడవిలో పడుతుంది.

నిష్పత్తి పద్ధతికి శాస్త్రీయమనే పేరుంది. మనుషులు చెరువులోనూ చేలోనూ సమానంగా పరుచుకుని ఉంటారనుకోవడం ఏ శాస్త్రం? జనం లేని నేలను ముందు తీసేసి, ఉన్నచోటికే సాంద్రత పంచాలని జాన్ రైట్ అనే భూగోళవేత్త అమెరికాలోని కేప్ కాడ్ ఉదాహరణతో 1936లోనే చూపించాడు. కంప్యూటర్లు లేని రోజుల్లో చేసిన పని, అన్నీ చేతిలో ఉన్న మనకు బరువైందా?

సరే, గీసిన అయిదు కిలోమీటర్లయినా నిజంగా అయిదేనా? అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో ఉన్న పటం మీద 5 అని కొడితే, సాఫ్ట్‌వేర్ అయిదు డిగ్రీలు తీసుకుంటుంది, అంటే దాదాపు 550 కిలోమీటర్లు. ఆ తప్పు కంటికి కనిపిస్తుంది, దిద్దుకుంటారు. కనిపించని తప్పు ఆన్‌లైన్ మ్యాపుల్లో వాడే వెబ్ మెర్కేటర్ పటానిది. విశాఖపట్నం దగ్గర ఆ పటం మీద గీసిన అయిదు కిలోమీటర్లు నేల మీద సుమారు 4.76. వైశాల్యంలో తొమ్మిది శాతానికి పైగా కోత. ఆ మేరకు ఊళ్లూ పోతాయి, మనుషులూ పోతారు.

అసలు వృత్తమే ఎందుకు? రాజమహేంద్రవరంలో గోదావరి గట్టు మీద చుక్క పెట్టి అయిదు కిలోమీటర్లు గీయండి, అవతలి ఒడ్డున కొవ్వూరు తగులుతుంది. పురిటి నొప్పులు పడుతున్న మనిషిని తెచ్చే అంబులెన్సు నీటి మీద సూటిగా రాదు, వంతెన మీదుగా చుట్టు తిరిగి వస్తుంది. దారి పొడవు కొలవాల్సినచోట గాలిదూరం కొలిచి, సేవ అందుతోందని రాసేస్తారా? ఇక ప్రమాదాల సంగతి. 2020 మే 7న తెల్లవారకముందే విశాఖ దగ్గరి వెంకటాపురంలో కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి లేచింది. పన్నెండుమంది ప్రాణాలు పోయాయి. విషవాయువు గాలి వాటాన్ని బట్టి పోతుంది, నివేదికలోని వృత్తాన్ని బట్టి కాదు. పైగా జనగణన మనిషిని ఇంటి దగ్గర లెక్కిస్తుంది. అదే ప్రమాదం మిట్టమధ్యాహ్నం జరిగితే కూలికెళ్లినవాళ్లను, బడిలో ఉన్న పిల్లలను ఏ ఊరి లెక్కలో వెతుకుతారు?

వేళ లేదు, ఇంతకంటే మార్గం లేదు అంటారు. మార్గం ఉంది. ఉపగ్రహ చిత్రాల నుంచి తీసిన ఇళ్ల పటాలు, వంద మీటర్ల గడులుగా జనాభాను పంచిన వరల్డ్‌పాప్ పటాలు ఉచితంగానే దొరుకుతున్నాయి. అయితే ఆ జనాభా పటాలకూ మూలం జనగణనే. ఊరూరి లెక్కలంటూ మనం వాడుతున్నవి 2011 నాటివి. హైదరాబాద్ శివారు కోకాపేట చుట్టూ ఆ లెక్కతో వృత్తం గీసి ఇవాళ్టి జనం ఇంత అనేవాణ్ని ఏ ఊరివాడైనా నమ్ముతాడా? కాబట్టి ఒక్క సంఖ్య కాదు, కనిష్ఠమూ గరిష్ఠమూ రెండూ రాయాలి.

మైదానంలో 30,000 మందికి, గిరిజన ప్రాంతంలో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమన్నది ప్రమాణం. ఒక్క ఊరే పద్ధతి మారగానే 6,000 నుంచి సున్నాకు పడిపోతుంటే, కేంద్రం ఎక్కడ పెట్టాలో తేల్చే నివేదిక మొదటి పేజీలోనే ఏ పద్ధతి వాడారో రాయమని అడగడం అత్యాశ అవుతుందా?