దెబ్బతిన్నవారి వైద్యఖర్చు ఎవరి బాకీ?

దాడిలో తలకు గాయమై ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పడివున్న మనిషికి ఆరోగ్య బీమా లేనప్పుడు, అతని అన్నదమ్ములో మేనమామలో వాట్సాప్ గ్రూపుల్లోనూ పత్రికల జిల్లా పేజీల్లోనూ సాయం అర్థించడం, దాతలు తలో చెయ్యి వేయడం, ఆ డబ్బుతో బిల్లు కట్టడం తెలుగునాట ఎవరికీ వింతగా తోచని ఆనవాయితీ అయింది. మానవత్వం ఇంకా బతికే ఉందనడానికి దీన్ని సాక్ష్యంగా చూపడం, పదిమందీ ముందుకొస్తే ప్రభుత్వం కోసం చూడనక్కర్లేదని మెచ్చుకోవడం కూడా అంతే మామూలైంది. ఈ మెప్పులో పెద్ద పొరపాటు ఉంది. ఒకరు బాకీపడిన సొమ్మును వేరొకరు ధర్మంగా ఇస్తుంటే, ఇచ్చినవారిని పొగిడే సందడిలో బాకీదారును అందరూ మరిచిపోతున్నారు.

తప్పు చందా అడిగే కుటుంబానిది కాదు, ఇచ్చే దాతది అసలే కాదు. వెంటిలేటరు మీదున్న తమ్ముడి కోసం సాయంత్రంలోగా అడ్వాన్సు కట్టాల్సిన అక్కకు నీతులు చెప్పే అర్హత ఎవరికీ లేదు. తప్పల్లా ఆ అవస్థకే పరిష్కారమని పేరుపెట్టే అభిప్రాయానిది. క్యాన్సరుకు ఫలానా వాడు కారకుడని వేలెత్తి చూపడం సాధారణంగా కుదరదు, దాడికి కుదురుతుంది. చట్టాన్ని చేతుల్లోకి తీసుకోవద్దని పౌరుణ్ణి కట్టడి చేసి, రక్షణ భారాన్ని తన నెత్తిన వేసుకున్న రాజ్యం, ఆ రక్షణ విఫలమైనచోట గాయపడినవాడి వైద్యానికి జవాబుదారీ కావలసిందే.

ఇది ఉత్త ఆదర్శం కాదు. గాయపడినవారికి పోలీసు లాంఛనాల కోసం ఆగకుండా వెంటనే చికిత్స చేయడం ప్రభుత్వ, ప్రైవేటు వైద్యులందరి విధి అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో తేల్చింది. ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్నకు జవాబు 2009 చివర అమల్లోకి వచ్చిన సవరణతో, నేర విచారణ స్మృతిలో చేరిన 357-ఎ సెక్షన్ రూపంలో వచ్చింది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత 396వ సెక్షన్ ఉంది. దీని ప్రకారం ప్రతి రాష్ట్రమూ బాధితుల పరిహార పథకాన్ని, అంటే నేరం వల్ల నష్టపోయి పునరావాసం అవసరమైనవారికి ప్రభుత్వ నిధి నుంచి సొమ్ము చెల్లించే ఏర్పాటును, రూపొందించాలి. దుండగుడెవరో తేలక విచారణే జరగకపోయినా, బాధితుడు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు, అంటే పేదలకు ఉచిత న్యాయసహాయం అందించే చట్టబద్ధ సంస్థకు, దరఖాస్తు చేసుకోవచ్చు. ఇదే సెక్షన్‌లోని 6వ ఉపవిభాగం ఇంకా ముందుకు వెళ్లి, స్టేషన్ అధికారి స్థాయికి తగ్గని పోలీసు అధికారి గానీ ఆ ప్రాంత మేజిస్ట్రేటు గానీ ధ్రువపత్రం ఇస్తే, బాధితుడికి ఉచితంగా వైద్యసాయం అందించాలని, అవసరమైతే మధ్యంతర ఉపశమనం కల్పించాలని ఆదేశించే అధికారాన్ని ఆ సంస్థకు ఇచ్చింది.

దాడి కేసు రాగానే ఆసుపత్రిలో దాన్ని ఎమ్మెల్సీగా, అంటే పోలీసు దర్యాప్తుతో ముడిపడిన వైద్య కేసుగా, రిజిస్టరులో రాస్తారు. స్టేషనుకు కబురు వెళ్తుంది. పోలీసులు వచ్చి మంచం పక్కనే వాంగ్మూలం తీసుకుంటారు. బంధువులు సంతకాలు పెడతారు. ఇన్ని కాగితాలు చేతులు మారే ఆ చోటనే ఈ ఒక్క ధ్రువపత్రం ఊసెత్తేవారు అరుదు. ఆ పక్క కౌంటరులో బిల్లు చేతిలో పడగానే కుటుంబం ఆశంతా ఫోన్‌పే నంబరు మీదికి మళ్లుతుంది.

చందా ఈ అవసరానికి ఎందుకు చాలదో తలగాయం చికిత్స చెబుతుంది. మెదడు వాచి ఒత్తిడి ప్రమాదకరంగా పెరిగినప్పుడు, శస్త్రవైద్యులు పుర్రె ఎముకలో పెద్ద ముక్కను కోసి తీసి వాపుకు చోటిస్తారు. దీన్ని డీకంప్రెసివ్ క్రానియెక్టమీ అంటారు. తీసిన ముక్కను రోగి పొట్ట చర్మం కింద గానీ ఫ్రీజరులో గానీ భద్రపరిచి, వారాలకో నెలలకో తిరిగి అమరుస్తారు. ఈ రెండో ఆపరేషను పేరు క్రానియోప్లాస్టీ. అందాకా ఆ మనిషి ఒకవైపు లోపలికి దిగిన తలతో, మెదడుకు ఎముక కాపు లేకుండా, బాత్రూముకు వెళ్లినా వెనక ఒకరు నిలబడాల్సిన స్థితిలో రోజులు లెక్కపెడతాడు. దాతల డబ్బు వచ్చేదేమో ఎక్కువగా మొదటి వారంలో, ఐసీయూ ఫొటో ఇంకా పాతబడనప్పుడు. రెండో ఆపరేషను, ఫిజియోథెరపీ, మూర్ఛలు రాకుండా వాడే మాత్రలు, మనిషిని కనిపెట్టుకుని కూర్చున్న భార్య పోగొట్టుకున్న కూలి, వీటిలో ఏదీ ఆ ఫొటోలో పడదు. అడిగిన ముఖాలనే మళ్లీ అడగడానికి కుటుంబానికి నోరు రాదు.

పైగా చందా మనిషిని చూసి వస్తుంది. "దాతల కోసం ఎదురుచూపు" అన్న శీర్షిక చదివినవారికి అకౌంటు నంబరు కంటే ముందు తట్టే ప్రశ్న "ఎందుకు కొట్టారట?" అన్నదే. చదువుకుంటున్న కుర్రాడికి కరిగే మనసులు కల్లు దుకాణం దగ్గర గొడవలో దెబ్బతిన్న కూలీకి కరగవు. భర్త కొట్టిన భార్య విషయంలో నిప్పు లేనిదే పొగ రాదనేవారు దగ్గరి చుట్టాల్లోనే ఉంటారు. గాయం లోతును బట్టి అందాల్సిన వైద్యం ఇలా గాయపడినవారి గుణగణాల మీద పదిమంది ఇచ్చే తీర్పుకు లోబడుతుంది. ఆ తీర్పు చెప్పే హక్కు దాతకు ఉండవచ్చు, రాజ్యానికి లేదు.

అన్నిటికన్నా ఘోరం రాజీ. చందా అడుగంటిన రోజునే పెద్దమనుషులు వస్తారు: ఆసుపత్రి ఖర్చంతా అవతలివాళ్లు పెట్టుకుంటారు, కేసు వదిలేయండి. తీవ్రగాయం కేసును కోర్టు అనుమతితో రాజీ చేసుకునే వీలు చట్టంలోనే ఉంది. ఆ వీలు లేని హత్యాయత్నం కేసుల్లో సాక్షులు మాట మార్చడమే రాజీ అవుతుంది. చట్టప్రకారం రావలసిన డబ్బు సకాలంలో చేతికందని కుటుంబం, న్యాయాన్ని తాకట్టు పెట్టి బిల్లు కడుతుంది.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అన్నది తరచు వినబడే అభ్యంతరం. 2007లో మొదలైన ఆ పథకం ఎన్నో ప్రాణాలు నిలిపిన మాట నిజమే. అయితే అది అర్హత కార్డుకు, జాబితాలోని ఆసుపత్రికి, జాబితాలోని చికిత్సకు కట్టుబడినది. 2025 మేలో అమల్లోకి వచ్చిన కేంద్ర పథకం రోడ్డు ప్రమాద బాధితులకు, కార్డుతో నిమిత్తం లేకుండా, 7 రోజుల పాటు 1.5 లక్షల రూపాయల దాకా నగదు రహిత చికిత్స కల్పిస్తోంది. లారీ గుద్ది పగిలిన పుర్రెకు ఉన్న ఈ హామీ ఇనపరాడ్డుతో పగిలిన పుర్రెకు ఎందుకు లేదో సమర్థించగల వాదన కనిపించదు. డబ్బెక్కడిదన్న ప్రశ్నకూ దారి ఉంది: అమెరికాలో 1984 చట్టంతో ఏర్పడిన నేరబాధితుల నిధి ప్రధానంగా ఫెడరల్ నేరాల్లో దోషులు కట్టే జరిమానాలతోనే నిండుతుంది. అక్కడ దాడికి గురైన తెలుగు విద్యార్థుల విషయంలో సైతం ముందుగా వినిపించేది ఆన్‌లైన్ చందా పిలుపే కావడం ఈ అలవాటు ఎంత లోతుగా పాతుకుందో చూపుతుంది.

దరఖాస్తు అందాక విచారణను రెండు నెలల్లో ముగించి పరిహారం నిర్ణయించాలని 396వ సెక్షన్ చెబుతోంది. పుర్రె ముక్క తిరిగి తలలోకి చేరడానికి పట్టే కాలం కూడా చాలామందిలో ఇంచుమించు అంతే లేదా అంతకన్నా ఎక్కువ. మొదటి వారంలో ఐదువందలు పంపే దాత అదే సందేశంలో స్టేషను నుంచి ధ్రువపత్రం తీసుకున్నారా అని అడిగితే, ఆ కాగితం పట్టుకుని ఒక బంధువు జిల్లా న్యాయసేవాధికార సంస్థ గుమ్మం ఎక్కితే, రెండో ఆపరేషను తేదీ నాటికి ఆ కుటుంబం మరో ఫొటో తీయాల్సిన పని ఉండదు.