ఆటోల్లో బేసు బాక్సుల హోరు: లాభమెవరికి? నష్టమెవరికి?

(వింజమూరు విలేఖరి)

వింజమూరు: తెల్లవారి మొదటి ఆటో బస్టాండు సెంటరు నుండి కలిగిరి వైపు కదిలేసరికే వీధి దడదడలాడుతున్నది. పాట ఏమిటో తెలియదు. పల్లవి ఏదో, చరణం ఏదో వినపడదు. గుండెల మీద గుద్దినట్లు ‘ధుమ్ ధుమ్’మనే మోత మాత్రం బండి కనిపించకముందే వినవస్తుంది, బండి మలుపు తిరిగిన తరువాత కూడా పోదు. టీ అంగడి బల్ల మీద గ్లాసులు గలగలమంటాయి. రేకుల కప్పు వున్న ఇళ్లలో రేకులు అదురుతాయి.

ఆటోలు, ట్రాక్టర్లు, సరుకు మోసే చిన్న వ్యాన్లు, కార్లు - వేటికి చూసినా కొన్న తరువాత విడిగా ఆంప్లిఫయరు, దానికి తోడు ‘సబ్ వూఫర్’ అనే బేసు బాక్సు అమర్చుకోవడం మెట్ట ప్రాంతంలో మామూలైపోయింది. ఇది యువకుల సరదా అని కొందరు కొట్టివేస్తున్నారు. పోలీసులు పట్టించుకోవాలని మరికొందరు అంటున్నారు. అయితే లెక్క వేసి చూస్తే ఈ బాక్సు వల్ల మొదట నష్టపోతున్నది దాన్ని పెట్టించుకున్నవాడే. ఊరికి కలిగే బాధ ఆ తరువాతది.

మైకుసెట్టు నుండి బేసు బాక్సు దాకా

పాటను పెద్దగా మోగించడం మనకు కొత్త కాదు. ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాలుగా వున్న రోజుల్లో పెండ్లి అన్నా, తిరునాళ్ల అన్నా చింతచెట్టు కొమ్మకు ఇనుప గొట్టం మైకు కట్టవలసిందే. ఆ మైకు పొలిమేర దాకా వినిపించినా మాట స్పష్టంగా వుండేది. పైగా అది ఏడాదికి నాలుగు రోజుల ముచ్చట. పెండ్లి అయిపోతే మైకు దిగిపోయేది.

బండిలో పాట పెట్టడం కూడా పాత సంగతే. అమెరికాలో గాల్విన్ సోదరుల కంపెనీ 1930లో కారు రేడియోకు ‘మోటరోలా’ అని పేరు పెట్టి అమ్మింది. ఫిలిప్స్ కంపెనీ 1963లో క్యాసెట్టును తెచ్చిన తరువాత లారీల్లో, అద్దె కార్లలో టేపురికార్డర్లు వచ్చాయి. ఇప్పుడు పాట సెల్ ఫోనులో వుంది. దాన్ని మోత చేయడానికి ఆంప్లిఫయరు, బాక్సు చాలు. తేడా ఏమిటంటే ఇది దిగిపోయే మైకు కాదు. బండి తిరిగినంతసేపూ తిరుగుతుంది, ఏడాది పొడుగునా మోగుతుంది.

డ్రైవర్ల వాదన

ఆటో డ్రైవర్ల మాట కూడా వినవలసి వుంది. వానలు లేక సేద్యం గిట్టుబాటు కాక, ఊరు విడిచి చెన్నై, బెంగుళూరు వెళ్లలేక ఫైనాన్సులో ఆటో తీసుకున్నవారు అనేకమంది వున్నారు. స్టాండులో నాలుగు బండ్లు నిలిచి వుంటే కుర్రకారు పాట వున్న బండినే ఎక్కుతారని వారి అభిప్రాయం. పెండ్లి బాడుగ, గుడి బాడుగ కూడా బాక్సు వున్న బండికే ముందు వస్తాయంటారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు.

అయితే ఒక బండికి బాక్సు వుంటే వచ్చే లాభం, అన్ని బండ్లకూ బాక్సులు వచ్చిన తరువాత రాదు. అప్పుడు పక్కవాడి కంటె పెద్ద బాక్సు పెట్టాలి. పక్కవాడు ఇంకా పెద్దది పెడతాడు. బాడుగలు పెరగవు, మోత మాత్రం పెరుగుతుంది. ఆసుపత్రికి పోయే ముసలివాళ్లు, చంటిబిడ్డల తల్లులు బాక్సు లేని బండిని వెతుక్కుంటున్న సంగతి డ్రైవర్లు లెక్కలోకి తీసుకోవడం లేదు. స్కూలు పిల్లలు, పండు ముదుసలులు, దాణా బస్తాలతో రైతులు - రోజువారీ కిరాయి ఇచ్చేది వీరే గాని పెండ్లి కుర్రకారు కాదు. పైగా సీటు వెనుక బాక్సు కూర్చున్న చోట ఒక బస్తా తగ్గుతుంది.

వాట్ల మాయ

డబ్బా మీద ‘1200 వాట్లు’ అని పెద్ద అక్షరాలతో వేస్తారు. అది నిజమో కాదో తెలుసుకోవడానికి ఇంజనీరు అక్కరలేదు. ఆంప్లిఫయరు పక్కన వుండే ఫ్యూజు మీద అంకె చూస్తే చాలు. 30 ఆంపియర్ల ఫ్యూజు వుంటే, 12 ఓల్టుల బ్యాటరీ నుండి అది నిలకడగా తీసుకోగలిగేది 30ని 12తో హెచ్చవేస్తే వచ్చే 360 వాట్లు. అందులో కొంత వేడిగా పోతుంది. స్పీకరుకు అందేది అంతకంటె తక్కువ. మిగిలినదంతా డబ్బా మీది రంగు మాత్రమే. నిలకడగా ఇచ్చే శక్తిని ‘ఆర్.ఎం.ఎస్.’ అంటారు. కొనేవారు ఆ అంకెనే అడగాలి. క్షణకాలం ఎగిసిపడే శక్తిని చూపే ‘పి.ఎం.పి.ఒ.’ అంకెను నమ్మి డబ్బు పోయరాదు.

నిజంగానే 500 వాట్లు ఇచ్చే ఆంప్లిఫయరయితే సమస్య మరో విధంగా వస్తుంది. అది గట్టిగా మోగినప్పుడు 50 ఆంపియర్లు, పాత రకమైతే 80 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆటోలో బ్యాటరీని ఛార్జి చేసే ఏర్పాటు లైట్లకు, హారనుకు, స్టార్టింగుకు సరిపడే కొలతతో కంపెనీవారు పెట్టినది. బేసు మోగిన ప్రతిసారీ హెడ్ లైటు మసకబారుతున్నదంటే బ్యాటరీ నుండి అప్పు తీసుకుంటున్నట్లే లెక్క. ఇంజను ఆపి స్టాండులో పాట పెడితే సంగతి మరీ దారుణం. 40 ఆంపియర్-అవర్ బ్యాటరీ మీద సగటున 20 ఆంపియర్లు లాగితే రెండు గంటలకు పూర్తిగా ఖాళీ. ఇలా తరచు అడుగంటిన బ్యాటరీ త్వరలోనే చచ్చిపోతుంది. రాత్రివేళ మసక లైటుతో ఘాటు రోడ్డు మీద బండి నడపడం ఎంత ప్రమాదమో ఉదయగిరి వైపు తిరిగేవారికి చెప్పనక్కరలేదు.

నిప్పుతో చెలగాటం

ఇంతకంటె ముఖ్యమైనది తీగ. బ్యాటరీ నుండి ఆంప్లిఫయరుకు నేరుగా లాగిన ఎర్ర తీగలో ఎప్పుడూ కరెంటు వుంటుంది. తాళం తీసినా అది ఆగదు. ఆ తీగ ఇనుప రేకు రంధ్రం గుండా పోయేచోట రబ్బరు వాషరు లేకపోతే, గుంతల రోడ్డులో బండి అదిరిన ప్రతిసారీ పైతొడుగు ఒరుసుకుపోతుంది. ఒకనాడు రాగి రేకుకు తగులుతుంది. తీగ ఎర్రగా కాలి సీటు అంటుకుంటుంది. సీటు కింద గ్యాసు సిలిండరో, పెట్రోలు ట్యాంకో వున్న బండిలో ఆ తరువాత జరిగేది ఊహించుకోవలసిందే.

దీన్ని ఆపేది ఒక్క ఫ్యూజు. అది బ్యాటరీకి అడుగున్నర లోపల వుండాలి. ఆంప్లిఫయరు దగ్గర ఫ్యూజు వుంది కదా అని ఊరుకుంటే మధ్యలో తీగకు కాపలా లేనట్లే. ఫ్యూజు తీగ మోయగలిగిన బరువుకు తగినదై వుండాలి. మాటిమాటికీ పోతున్నదని ఫ్యూజు స్థానంలో తీగముక్క చుట్టడం, సిగరెట్టు కాగితం పెట్టడం ఇంటికి తాళం తీసి దొంగను పిలిచినట్లవుతుంది. తీగ కూడా రాగిదే కావాలి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగను చవకగా అంటగడుతున్నారు. కత్తితో గీరితే లోపల తెల్లగా కనిపిస్తుంది. అంతే లావు రాగితీగ మోసే కరెంటును అది మోయలేదు, వేడెక్కుతుంది.

ఈ పని చేసేవారిలో చేయి తిరిగిన మెకానిక్కులు లేకపోలేదు. అయితే అడిగి చేయించుకునే బండి యజమానులే తక్కువ. బాక్సు ఎంత అని బేరమాడినవారు ఫ్యూజు ఎక్కడ పెట్టావని అడగడం లేదు. బండి కాలిపోతే, చెప్పకుండా వైరింగు మార్చారన్న కారణంతో ఇన్సూరెన్సు దగ్గర చిక్కులు వచ్చే అవకాశం కూడా వున్నది.

చెవికి గడువు

అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ ‘నియోష్’ సిఫార్సు ప్రకారం 85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటలు గడపవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్ కూ గడువు సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి గంట, 100 డెసిబెల్స్ కు 15 నిముషాలు. బేసు పెంచినవాడు పాట వినపడడానికి మిగతా స్పీకర్లనూ పెంచక తప్పదు. కలిగిరి నుండి వింజమూరు వచ్చే ఒక్క ట్రిప్పులోనే ఆ 15 నిముషాలు దాటిపోతాయి. ప్రయాణీకుడు దిగిపోతాడు. డ్రైవరు మాత్రం పొద్దు గూకేదాకా అక్కడే కూర్చుంటాడు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కణాలు ఒకసారి చస్తే మళ్లీ మొలవవు. ముందు రాత్రిళ్లు చెవిలో గుయ్యిమంటుంది. ఆ తరువాత ఎదుటివారి మాటలో అక్షరాలు జారిపోతాయి. ముప్పయ్యేళ్లకే ‘ఏమంటివి, ఏమంటివి’ అని అడిగే స్థితి వస్తుంది.

ఈ విలేఖరి ఒకసారి అటువంటి ఆటోలో వస్తుండగా వెనుక నుండి అంబులెన్సు కూత వేస్తూ చాలాదూరం వెంబడించింది. డ్రైవరుకు వినపడలేదు. చివరకు పక్కనున్న ముసలామె అతని భుజం తట్టి ‘నాయనా, పక్కకు తియ్యి, వెనక ఎవురిదో పాణం బోతుండాది’ అని అరిచింది. ఆ బండిలో వున్నవారెవరో తెలియదు. ఆ ఆలస్యం వారికెంత ముఖ్యమో కూడా తెలియదు. డ్రైవరు మంచివాడే. వెంటనే పక్కకు తీశాడు. అతని తప్పల్లా వినపడకపోవడమే.

చట్టం వుంది, మీటరు చాలదు

శబ్ద కాలుష్యంపై కేంద్ర ప్రభుత్వం 2000లో నిబంధనలు చేసింది. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించరాదు. 2005 జులై 18న సుప్రీంకోర్టు ఈ విషయంలో వివరమైన తీర్పు ఇచ్చింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం శబ్ద ప్రమాణాలను ఉల్లంఘించిన బండి నడిపితే మొదటిసారికే మూడు నెలల వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. లైసెన్సు కూడా మూడు నెలలు పోతుంది. వ్యాను రూపమే మార్చి బాక్సులు పేర్చి ‘డి.జె. బండి’గా చేస్తే అది వేరే నేరం. హైదరాబాదులో పోలీసులు 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డి.జె.లను నిషేధించారు.

ఇంత వున్నా మోత ఎందుకు తగ్గడం లేదు? చిక్కు కొలతలోనే వుంది. పగటి మోతపై ఫిర్యాదు చేయాలంటే పరిమితిని 10 డెసిబెల్స్, అంతకు మించి దాటి వుండాలి. అంటే నివాస ప్రాంతంలో 65. కాని ఈ లెక్కకు వాడే కొలత మనిషి చెవిని అనుసరించి బేసును బాగా తగ్గించి చూపుతుంది. 63 హెర్ట్జ్ బేసును 26 డెసిబెల్స్ తగ్గిస్తుంది. కాబట్టి రేకులు అదిరించే 90 డెసిబెల్స్ బేసు మీటరులో 64గా కనిపిస్తుంది! పైగా అది గంటల తరబడి తీసే సగటు. దాటిపోయే ఆటో అందులో కలిసిపోతుంది. అదీగాక బేసు అల పొడవు మీటర్లలో వుంటుంది. 50 హెర్ట్జ్ అల దాదాపు 7 మీటర్లు. అందువల్ల మట్టిగోడ, తలుపు దాన్ని ఆపలేవు. కిటికీ మూసుకుంటే పాట ఆగుతుంది గాని మోత ఆగదు.

మీటరు చాలనిచోట గడియారం చాలు. రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు బయట ఆంప్లిఫయరు మోగించడమే నిషిద్ధం. దీనికి కొలతతో పనిలేదు. రాత్రి నిబంధన మీరితే ఎన్ని డెసిబెల్స్ అన్న ప్రశ్న లేకుండానే ఫిర్యాదు చేయవచ్చునని నిబంధనలే చెబుతున్నాయి. పండుగలకు ప్రభుత్వం అనుమతించినా అది అర్ధరాత్రి వరకే, ఏడాదికి 15 రోజులకు మించి కాదు. ఫిర్యాదు తీసుకోవలసినది కలెక్టరు, లేదా ఇందుకు నియమితుడైన డి.ఎస్.పి. హోదాకు తగ్గని అధికారి.

ఆసుపత్రి, బడి, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతమని చాలామంది అనుకుంటున్నారు. 2017 సవరణ తరువాత ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించిన చోటికే అది వర్తిస్తుంది. ప్రకటించాలని అడిగేవారు లేకపోతే బోర్డు పెట్టేవారూ వుండరు.

చేయవలసినది

బండిలో పాట వద్దని ఎవరూ అనడం లేదు. దూరప్రయాణంలో పాట డ్రైవరుకు తోడు. సీటులో వున్నవారికి వినపడేంత చిన్న సెట్టు, రాగి తీగ, బ్యాటరీ పక్కన ఫ్యూజు, రంధ్రాలకు రబ్బరు - ఇంతవరకు సరదాకు అభ్యంతరం లేదు. వెనుక సీటులోని మనిషి మామూలు గొంతుతో ‘ఆపు నాయనా’ అంటే డ్రైవరుకు వినపడాలి. అదే సరైన మీటరు.

ఆటో యూనియన్లు తమలో తాము ఒక కట్టుబాటు చేసుకుంటే పోటీ మీద పోటీగా పెరిగే ఖర్చు కూడా ఆగుతుంది. స్టాండులోను, ఆసుపత్రి, హైస్కూలు ముందర బాక్సు కట్టివేయాలన్న నియమం ఒక్కటి చాలు. గ్రామసభలు తమ ఊరి బడి, ఆసుపత్రి పరిసరాలను నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించాలని తీర్మానం చేసి కలెక్టరుకు పంపాలి. బండ్లు తనిఖీ చేసే అధికారులు కాగితాలతోపాటు బ్యాటరీ దగ్గరి ఫ్యూజును కూడా ఒకసారి చూస్తే మోత తగ్గినా తగ్గకపోయినా ప్రాణాలు దక్కుతాయి. ఫైనాన్సు వాయిదా కట్టవలసిన సొమ్ముతో చెవుడు కొనుక్కోవడం ఏపాటి లాభమో డ్రైవరు సోదరులే ఆలోచించుకోవాలి.